ఇంట్లోనే రోటరీ ఇంజిన్ రీబిల్డ్ చేసుకోవడం ఎలా

రోటరీ ఇంజిన్‌ను మొదటిసారి విప్పినవాళ్ళకు కలిగే ఆశ్చర్యం ఒకటే: లోపల ఇంతేనా? వాల్వులు లేవు, క్యామ్‌షాఫ్ట్ లేదు, కనెక్టింగ్ రాడ్లు లేవు. మాజ్డా 13బి ఇంజిన్ గుండెలో కదిలే పెద్ద భాగాలు మూడే. పిస్టన్ల పని చేసే మూడు మూలల రోటర్లు రెండు, వాటి మధ్యలోంచి వెళ్ళే ఎక్సెంట్రిక్ షాఫ్ట్. షాఫ్ట్ మూడు చుట్లు తిరిగితే రోటర్ ఒక చుట్టు తిరుగుతుంది. రోటర్‌కూ గోడకూ మధ్య ఏర్పడే ఒక్కో గది 654 సీసీ, రెండు రోటర్లకూ ఒక్కోటి చొప్పున లెక్కేస్తే 1308 సీసీ.

కాబట్టి బోల్టులు విప్పడం, మళ్ళీ బిగించడం ఓపిక ఉన్న ఎవరికైనా సాధ్యమే. అసలు కష్టం విప్పిన భాగాల్లో ఏది మళ్ళీ వాడొచ్చు, ఏది పక్కన పెట్టాలి అని తేల్చుకోవడంలో ఉంది. ఇంట్లో కట్టిన రోటరీ ఇంజిన్ కొద్ది రోజులకే చేతులెత్తేసిందంటే, చాలాసార్లు తప్పు రెంచి పట్టిన దగ్గర జరగదు, కొలత తీయకుండా వదిలేసిన దగ్గర జరుగుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో విప్పే భాగం పొట్టిగా, కొలిచే భాగం పొడుగ్గా ఉంటుంది.

ఇక్కడ చెప్పే కొలతలు ప్రధానంగా మాజ్డా ఆర్‌ఎక్స్-7 కారులో వచ్చిన, 2 మి.మీ. ఏపెక్స్ సీళ్ళు (రోటర్ మూలల్లో ఉండి గోడకు ఆని గాలి కారకుండా ఆపే పట్టీలు) వాడే 13బి ఇంజిన్లవి. ఆర్‌ఎక్స్-8లోని రెనెసిస్ ఇంజిన్ కూడా ఆ కుటుంబమే అయినా దాని సీళ్ళ ఎత్తు, ఎగ్జాస్ట్ దారులు వేరు. మీ ఇంజిన్ ఏ సంవత్సరానిదో చూసుకుని దాని వర్క్‌షాప్ మాన్యువల్ సంపాదించుకోండి. మాన్యువల్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

ముందు, ఇంజిన్ ఎందుకు పాడైందో తెలుసుకోండి

కారులోంచి ఇంజిన్ దించకముందే కంప్రెషన్ చూడాలి. మామూలు కంప్రెషన్ గేజ్‌లో గాలిని పట్టి ఉంచే చిన్న వాల్వ్ ఉంటుంది. రోటర్‌కు మూడు ముఖాలు ఉంటాయి కాబట్టి, ఆ గేజ్ మూడింటిలో అన్నిటికన్నా ఎక్కువ ఉన్న దాన్నే చూపిస్తుంది. రెండు ముఖాలు చచ్చిపోయినా మూడోది బాగుంటే అంకె బాగానే కనిపిస్తుంది. రోటరీ కోసం చేసిన టెస్టర్ దొరికితే మంచిది. లేకపోతే గేజ్‌లోని ఆ వాల్వ్ తీసేసి, స్టార్టర్ తిప్పుతూ ముల్లు ఎగిరే తీరు ఫోన్‌లో వీడియో తీసుకోండి. మూడు ఎగుళ్ళూ సమానంగా ఉండాలి.

నిమిషానికి 250 చుట్ల వేగం దగ్గర చదరపు సెంటీమీటరుకు 6 కిలోలకన్నా తగ్గితే ఇంజిన్ విప్పాల్సిందే. ముఖానికీ ముఖానికీ మధ్య తేడా 1.5 కిలోలు దాటకూడదు. మూడు ముఖాలూ సమానంగా తగ్గాయంటే అది అరుగుదల. ఒకటి బాగుండి పక్కపక్కనే ఉన్న రెండు పడిపోయాయంటే ఏపెక్స్ సీల్ మీద అనుమానం పెట్టుకోండి, ఎందుకంటే ఒక్కో ఏపెక్స్ సీల్ రెండు గదులకు ఉమ్మడి గోడ. కంప్రెషన్ బాగానే ఉండి, పొద్దున స్టార్ట్ చేయగానే తెల్లటి పొగ వస్తూ, రేడియేటర్‌లో బుడగలు కనిపిస్తే కూలెంట్ సీల్ (చల్లబరిచే నీరు లోపలికి రాకుండా ఆపేది) పోయినట్టు.

ఇదంతా ఎందుకంటే, సీల్ విరగడం అనేది ఫలితమే తప్ప కారణం కాదు. ఇంజెక్టర్ మూసుకుపోయి పెట్రోలు చాలకపోవడం, టర్బో ఒత్తిడి పెరిగి నాకింగ్ (పెట్రోలు అదుపు లేకుండా పేలడం) రావడం, సీళ్ళకు నూనె అందించే మీటరింగ్ పంప్ పనిచేయకపోవడం, ఒకసారి బాగా వేడెక్కిపోవడం: కారణం వీటిలో ఏదైనా కావొచ్చు. దాన్ని సరిచేయకుండా కొత్త సీళ్ళు వేస్తే, కొత్త సీళ్ళు కూడా అదే దారిన పోతాయి. ఇంజెక్టర్లు టెస్ట్ చేయించడం, పెట్రోల్ పంప్ ఒత్తిడి చూడటం, రేడియేటర్ శుభ్రం చేయించడం రీబిల్డ్‌లో భాగమే అనుకోండి.

చోటు, పనిముట్లు

దుమ్ము రాని గది, కడగడానికి వీలున్న బల్ల, మంచి వెలుతురు ఉండాలి. టార్క్ రెంచ్, ఫీలర్ గేజ్, మైక్రోమీటర్, స్టాండుతో డయల్ గేజ్, వంపు లేని స్టీల్ స్ట్రెయిట్ ఎడ్జ్ ఉండాలి. ఫ్లైవీల్ నట్ కోసం 54 మి.మీ. సాకెట్ తప్పనిసరి. చిన్న ఫైన్ ఫైల్, పెట్రోలియం జెల్లీ, మూతలున్న డబ్బాలు, మార్కర్ పెన్నూ దగ్గర పెట్టుకోండి. ఇంజిన్ ఎత్తేటప్పుడు హాయిస్ట్ వాడండి, పక్కన ఇంకొకరు ఉండేలా చూసుకోండి.

విప్పడం

నూనె, కూలెంట్ దింపి, వైరింగ్‌కు పేర్లు రాసి, ఇంజిన్‌ను బయటికి తీయండి. టర్బో, మానిఫోల్డులు, ఆల్టర్నేటర్, వాటర్ పంప్ వగైరా విప్పడం ఏ ఇంజిన్‌కైనా ఒకటే కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను.

ఫ్లైవీల్ నట్ దగ్గర ఓపిక పట్టాలి. అది 392 నుంచి 490 న్యూటన్ మీటర్ల టార్క్‌తో, థ్రెడ్ లాకర్ పూసి బిగించిన నట్. ఫ్లైవీల్‌ను గట్టిగా లాక్ చేసి, నట్‌ను కాస్త వేడి చేసి, పొడవాటి బార్‌తో గానీ బలమైన ఇంపాక్ట్ రెంచ్‌తో గానీ వదులు చేయండి. వదులయ్యాక పూర్తిగా తీసేయకండి. రెండు మూడు చుట్లు ఉంచి, అప్పుడు పుల్లర్‌తో ఫ్లైవీల్‌ను కదపండి. అది టేపర్ మీద బిగుసుకుని ఉంటుంది, ఒక్కసారిగా ఊడి వస్తుంది. నట్ ఉంటే కాళ్ళ మీద పడదు.

తర్వాత ముందు వైపు. పుల్లీ బోల్టు, ఫ్రంట్ కవర్, నూనె పంప్ గొలుసు, కౌంటర్ వెయిట్, దాని వెనక సూది బేరింగులు, స్పేసర్, థ్రస్ట్ ప్లేట్లు. వీటిని వచ్చిన వరుసలోనే ఒక తాడుకు గుచ్చి పెట్టుకుంటే తర్వాత తికమక ఉండదు. నూనె పాన్ కూడా తీసేశాక, ఇంజిన్‌ను ముందు వైపు కిందికి వచ్చేలా నిలబెట్టండి.

ఇప్పుడు మొత్తం పేర్పును కలిపి పట్టి ఉంచే 18 టెన్షన్ బోల్టులు పై నుంచి కనిపిస్తాయి. వాటిని మాన్యువల్‌లో చూపిన వరుసలో, ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా, రెండు మూడు విడతల్లో వదులు చేయాలి. ఒకేచోట పూర్తిగా వదిలేస్తే హౌసింగ్, అంటే రోటర్ల చుట్టూ ఉండే లోహపు గోడ, వంగే ప్రమాదం ఉంది. అట్టముక్క మీద ఇంజిన్ ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చండి.

వెనక సైడ్ హౌసింగ్ ఎత్తేటప్పుడు నూనె పొరకు రోటర్ పైకి అంటుకుని వచ్చి పడిపోవచ్చు. మెల్లగా ఎత్తుతూ, కింద చెయ్యి పెట్టి చూసుకోండి. తర్వాత వెనక రోటర్ హౌసింగ్, వెనక రోటర్. మధ్య హౌసింగ్ రావాలంటే ఎక్సెంట్రిక్ షాఫ్ట్‌ను దాదాపు 25 మి.మీ. పైకి ఎత్తి పట్టుకోవాలి, లేకపోతే షాఫ్ట్ లోబ్‌కు తగిలి ఆగిపోతుంది. ఆ తర్వాత ముందు రోటర్ హౌసింగ్, షాఫ్ట్, ముందు రోటర్.

ప్రతి సీల్ ఏ రోటర్‌దో, ఏ వైపుదో, ఎన్నో మూలదో రాసి విడి డబ్బాలో పెట్టండి. పారేయబోయేవి కూడా. అరిగిన తీరు చూస్తే ఇంజిన్ ఎందుకు చెడిపోయిందో అవే చెబుతాయి.

శుభ్రం చేయడం

రోటర్ మీద గట్టిపడిన మసిని వదిలించడానికి చాలామంది తొందరపడి ఇసుకతో బ్లాస్ట్ చేయిస్తారు. అలా చేయొద్దు. ఆ రేణువులు నూనె దారుల్లో, గాళ్ళలో చిక్కుకుని, తర్వాత బేరింగుల మీదికి వస్తాయి. కార్బన్ కరిగించే ద్రావకంలో నానబెట్టి, ప్లాస్టిక్ గీకుడుతో, నైలాన్ బ్రష్‌తో తీయండి. కాస్టిక్ కలిసిన ద్రావకాలను అల్యూమినియం రోటర్ హౌసింగుల దరిదాపుల్లోకి రానివ్వొద్దు, లోహాన్నే తినేస్తాయి. రోటర్ మధ్యలోని బేరింగ్ మెత్తటి లోహం, దాన్ని దేంతోనూ గీకకూడదు.

ఏపెక్స్ గాడిని శుభ్రం చేయడానికి పాత ఏపెక్స్ సీల్ ముక్కకన్నా మంచి పనిముట్టు లేదు. గాడికి సరిగ్గా సరిపోతుంది, గోడలను కోయదు. రోటర్ పక్కల్లో ఉండే సైడ్ సీల్ గాళ్ళకు కూడా పాత సైడ్ సీల్ ముక్కే. ఎక్సెంట్రిక్ షాఫ్ట్ లోపలి నూనె జెట్లను విప్పి, గాలి కొట్టి, అవతలి వైపు నుంచి గాలి వస్తోందో లేదో చూడండి.

కొలవడం, తేల్చడం

ఇక్కడ ఎంత సమయం పెట్టినా ఎక్కువ కాదు. ఒక నోటుబుక్ తీసుకుని ప్రతి అంకె రాయండి.

రోటర్ హౌసింగ్‌తో మొదలుపెట్టండి. అల్యూమినియం లోపల ఉక్కు రేకు, దాని మీద క్రోమ్ పూత ఉంటుంది. స్పార్క్ ప్లగ్ రంధ్రాల చుట్టూ, ఎగ్జాస్ట్ దారి దగ్గర, అంచుల వెంబడి పూత పెచ్చులు లేచిందేమో వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టి చూడండి. గోరు పెట్టి లాగితే తగిలే గీత ఉంటే ఆ హౌసింగ్ పనికిరాదు. దీన్ని సిలిండర్‌లా బోరింగ్ చేయించడం కుదరదు. ఈ గోడ ఎంత కీలకమో రోటరీ చరిత్రే చెబుతుంది. ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన నుంచి పుట్టిన ఇంజిన్ 1957లో జర్మనీలోని ఎన్‌ఎస్‌యూ కంపెనీలో మొదటిసారి తిరిగింది. ఆ తర్వాత మాజ్డాలో కెనిచి యమమొతో బృందాన్ని ఏళ్ళ తరబడి వేధించింది సరిగ్గా ఈ గోడ మీద పడే అలల్లాంటి గీతలే. వాటికి వాళ్ళు దెయ్యం గోటి గుర్తులని పేరు పెట్టుకున్నారు. ఏపెక్స్ సీల్ పదార్థం మార్చి ఆ సమస్యను దాటాకే 1967లో కాస్మో స్పోర్ట్ కారు బయటికి వచ్చింది. మీ హౌసింగ్‌లో అలాంటి అలలు వేలికి తెలుస్తుంటే ఆశ పెట్టుకోకండి. హౌసింగ్ వెడల్పును నాలుగైదు చోట్ల మైక్రోమీటర్‌తో కొలవండి. చోటుకూ చోటుకూ తేడా 0.06 మి.మీ. మించకూడదు. వేడెక్కిన ఇంజిన్లలో స్పార్క్ ప్లగ్ వైపు కుదించుకుపోయి ఉంటుంది.

తర్వాత సైడ్ హౌసింగులు, అంటే పోత ఇనుము పలకలు. స్ట్రెయిట్ ఎడ్జ్‌ను అడ్డంగా, నిలువుగా, ఐమూలగా పెట్టి కింద ఫీలర్ గేజ్ దూర్చండి. వంపు 0.04 మి.మీ. దాటకూడదు. సైడ్ సీళ్ళు తిరిగిన దారిలో మెట్టులా అరిగి ఉంటుంది, దాని లోతు 0.10 మి.మీ. హద్దు. హద్దు దాటితే ఈ పని తెలిసిన మెషిన్ షాపులో ల్యాపింగ్ (రుద్ది చదును చేయడం) చేయించొచ్చు. కాకపోతే కొన్ని ఇంజిన్లలో ఈ పలకలకు నైట్రైడింగ్ చేసి గట్టిపరిచిన పొర ఉంటుంది. ల్యాపింగ్‌తో అది పోతుంది కాబట్టి మళ్ళీ చేయించాలి.

కూలెంట్ సీల్ కూర్చునే గాడిని ప్రత్యేకంగా చూడండి. గాడికీ నీటి దారికీ మధ్య గోడ చాలా పల్చన. తుప్పు పట్టి, పగిలి, ముక్క ఊడిపోవడం మామూలు. సన్నటి మొన ఉన్న పనిముట్టుతో గాడి పొడవునా మెల్లగా నొక్కుతూ వెళ్ళండి. ఎక్కడైనా గోడ విరిగి ఉంటే, ఎపాక్సీ పెట్టి కట్టేవాళ్ళున్నా, నా ఓటు వేరే పలక వెతకడానికే. మొత్తం ఇంజిన్ మళ్ళీ విప్పాల్సిన పనికి అతుకు మీద నమ్మకం పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

రోటర్లలో ఏపెక్స్ గాడి అరుగుదల ముఖ్యం. కొత్త సీల్ పెట్టి పక్కన ఫీలర్ గేజ్ దూర్చితే 0.15 మి.మీ. బ్లేడు లోపలికి పోకూడదు. గాడి వెడల్పయితే సీల్ పక్కకి ఊగుతుంది, ఊగిన సీల్ విరుగుతుంది. రోటర్ మీద ఏ నుంచి ఇ వరకు బరువును తెలిపే ఇంగ్లిష్ అక్షరం కొట్టి ఉంటుంది. ఒక రోటర్ మార్చాల్సి వస్తే కొత్తది ఏ అక్షరమైనా పర్లేదని తెచ్చుకోకండి, బ్యాలెన్స్ దెబ్బతింటుంది.

పాత ఏపెక్స్ సీళ్ళ ఎత్తు 6.5 మి.మీ.కి తగ్గితే వాటి ఆయుష్షు అయిపోయింది. కొత్తది 8 మి.మీ. ఉంటుంది. నిజానికి ఇంజిన్ ఇంతదూరం విప్పాక ఏపెక్స్ సీళ్ళు, అన్ని స్ప్రింగులు, కూలెంట్ సీళ్ళు, ఓ-రింగులు కొత్తవే వేయాలి. ఆయిల్ రింగుల అంచు వెడల్పు 0.5 మి.మీ. లోపు ఉంటే తిరిగి వాడొచ్చు. షాఫ్ట్‌కూ బేరింగులకూ మధ్య సందు 0.10 మి.మీ. మించకూడదు. బేరింగ్ మీద రాగి రంగు బయటపడితే కొలవాల్సిన పని కూడా లేదు, మార్చేయండి.

సైడ్ సీళ్ళు ఫైల్ చేయడం

రీబిల్డ్ మొత్తంలో చేతిపనితనం నిజంగా కావాల్సింది ఇక్కడే. రోటర్‌కు రెండు పక్కలా మూడేసి చొప్పున ఆరు సైడ్ సీళ్ళు, ఏపెక్స్ సీళ్ళ చివరల దగ్గర మూలల్లో ఆరు కార్నర్ సీళ్ళు ఉంటాయి. రెండు రోటర్లకు పన్నెండు సైడ్ సీళ్ళు. కొత్తవి కాస్త పొడుగ్గా వస్తాయి, ఒక్కోదాన్నీ దాని గాడికి తగ్గట్టు కుదించాలి.

కార్నర్ సీళ్ళు రెండూ పెట్టి, వాటి మధ్య సైడ్ సీల్ కూర్చోబెట్టండి. ఒక చివరను కార్నర్ సీల్‌కు ఆనించి, రెండో చివర సందు కొలవండి. 0.05 నుంచి 0.15 మి.మీ. మధ్య ఉండాలి. వాడిన సీళ్ళకు 0.40 హద్దు. నేనైతే 0.05 నుంచి 0.10 మధ్య ఉంచుతాను. సందు మరీ తక్కువైతే వేడికి సీల్ సాగి, రెండు చివరలూ ఆని, పలక మీద గీతలు పెడుతుంది. ఎక్కువైతే అక్కడినుంచే కంప్రెషన్ కారిపోతుంది.

ఫైల్‌ను బల్లకు బిగించి, సీల్‌నే దాని మీద ఒకే వైపుకు లాగండి. రెండు మూడు లాగుళ్ళకొకసారి పెట్టి చూడండి. చివర నిటారుగా ఉండాలి, ఏటవాలు కాకూడదు. అంచున లేచిన సన్నటి గరుకును సన్నని ఎమరీ కాగితంతో తీసేయండి. సరిపోయిన సీల్‌ను ఆ గాడి సంఖ్య రాసిన కవర్లో పెట్టాకే తర్వాతిది అందుకోండి. ఒక రోజు ఒక రోటరే చేయండి. విసుగు వచ్చాక చేసిన సీళ్ళే పొట్టివైపోతాయి.

పేర్చడం

చేతులు కడుక్కుని, బల్ల తుడిచి, అన్ని భాగాలూ వరుసగా పెట్టుకుని మొదలుపెట్టండి.

ముందు ఆయిల్ రింగులు. స్ప్రింగులకు ఉన్న రంగు గుర్తు చూసి ముందు వైపువి, వెనక వైపువి కలిసిపోకుండా పెట్టండి. రింగుల్లోని ఓ-రింగులకు నూనె రాసి, రింగును వేళ్ళతో చుట్టూ సమానంగా నొక్కుతూ దించండి. నొక్కితే దిగి, వదిలితే పైకి రావాలి.

ముందు పలకను దానికి బిగించిన, తిరగని స్టేషనరీ గేర్‌తో సహా స్టాండు మీద పెట్టి, పలకకూ బేరింగ్‌కూ నూనె పూయండి. రోటర్ కింది వైపు కార్నర్ సీళ్ళు, సైడ్ సీళ్ళు, వాటి స్ప్రింగులు పెట్టి, పెట్రోలియం జెల్లీతో పట్టించండి. చిక్కటి గ్రీజు వద్దు. జెల్లీ వేడికి కరిగి కాలిపోతుంది, గ్రీజు మసిగా మిగులుతుంది. రోటర్‌ను తిప్పి మెల్లగా దించి, దాని 51 పళ్ళ లోపలి గేర్ 34 పళ్ళ స్టేషనరీ గేర్‌తో కలిసేలా కూర్చోబెట్టండి. దించేటప్పుడు ఏ సీలూ జారలేదని అద్దం పెట్టి చూసుకోండి. తర్వాత షాఫ్ట్ దించండి.

రోటర్ హౌసింగ్ గానీ పలక గానీ, మీ ఇంజిన్‌లో గాడి దేనికుంటే దానికి కూలెంట్ సీళ్ళు కూర్చోబెట్టండి. సాగదీయకండి, మెలితిప్పకండి. సీలెంట్‌ను నూనె పాన్ వైపు హౌసింగ్ కాళ్ళకు మాత్రమే పల్చగా రాయండి, కూలెంట్ సీల్ దగ్గరికి రానివ్వకండి. హౌసింగ్ దిగకపోతే సుత్తి పట్టుకోకండి. గేర్ ఒక పన్ను అటో ఇటో పడి ఉంటుంది. రోటర్ ఎత్తి మళ్ళీ కూర్చోబెడితే సరిపోతుంది.

హౌసింగ్ దిగాక ఏపెక్స్ సీళ్ళను పై నుంచి గాళ్ళలోకి జార్చి, స్ప్రింగులు పెట్టి, చివర్లో మూల ముక్కను అమర్చండి. సీల్ గుండ్రటి అంచు హౌసింగ్ వైపే ఉండాలి. పై వైపు కార్నర్, సైడ్ సీళ్ళు పెట్టి, ఒక్కోదాన్ని వేలితో నొక్కి చూడండి. స్ప్రింగ్ మీద ఎగరని సీల్ ఉంటే పైన పలక వేయకూడదు. గోడలకు ఇంజిన్ నూనె పోసి, షాఫ్ట్‌ను 25 మి.మీ. ఎత్తి మధ్య పలక దించండి. వెనక రోటర్‌కు ఇదే వరుస మళ్ళీ.

టెన్షన్ బోల్టులకు కొత్త సీలింగ్ వాషర్లు వేసి, మాన్యువల్ వరుసలో మూడు విడతల్లో బిగించండి. చాలా 13బి ఇంజిన్లకు చివరి టార్క్ 31 నుంచి 39 న్యూటన్ మీటర్లు. ఒక్కో విడత తర్వాత షాఫ్ట్‌ను చేత్తో తిప్పండి. బరువుగా, కానీ నున్నగా తిరగాలి. పట్టేసినట్టు అనిపిస్తే అక్కడే ఆపి విప్పండి, ఏదో సీల్ ఇరుక్కుంది.

ముందు వైపు, ఎండ్ ప్లే

చాలామంది రీబిల్డ్‌ను పాడు చేసుకునే చోటు ఇదే. థ్రస్ట్ ప్లేట్, సూది బేరింగ్, స్పేసర్, రెండో సూది బేరింగ్ వరుసగా వేసేటప్పుడు, బోల్టు వదులుగా ఉంటే బేరింగ్ జారి స్పేసర్ అంచు మీద పడుతుంది. అలాగే బిగిస్తే నలిగిపోతుంది. ఇంజిన్‌ను ముందు వైపు పైకి వచ్చేలా నిలబెట్టి ఈ పని చేయండి, బోల్టు టార్క్ పడేదాకా షాఫ్ట్ కదలనివ్వకండి.

ఫ్లైవీల్ బిగించాక దాని మీద డయల్ గేజ్ ఆనించి, షాఫ్ట్‌ను ముందుకు వెనక్కు నెట్టండి. ఈ కదలికనే ఎండ్ ప్లే అంటారు. అది 0.04 నుంచి 0.07 మి.మీ. ఉండాలి, 0.09 హద్దు. తేడా వస్తే వేరే మందం ఉన్న స్పేసర్ వేయాలి. స్పేసర్ మీద మందాన్ని తెలిపే అక్షరం ఉంటుంది. ఫ్రంట్ కవర్‌కూ ముందు పలకకూ మధ్య నూనె దారిలో ఒక చిన్న ఓ-రింగ్ ఉంటుంది. దాన్ని మర్చిపోతే నూనె ఒత్తిడి లోపలే కారిపోతుంది.

స్పార్క్ ప్లగ్గులు వేయకముందు షాఫ్ట్ తిప్పితే ఒక్కో రోటర్ నుంచి సమానమైన బుస్‌మనే శబ్దాలు మూడు వినిపించాలి.

మొదటి స్టార్ట్, తొలి కిలోమీటర్లు

కూలెంట్ నింపి, ప్రెషర్ టెస్టర్‌తో రేడియేటర్ మూత మీద రాసిన ఒత్తిడికి మించకుండా పెంచి, రాత్రంతా వదిలేయండి. పొద్దుటికి ముల్లు పడిపోకూడదు, ప్లగ్ రంధ్రాల్లో తడి కనిపించకూడదు. తర్వాత ప్లగ్గులు తీసి ఉంచి, పెట్రోల్ పంప్ ఆపి, నూనె ఒత్తిడి గేజ్ లేచేదాకా కాస్త కాస్త విరామంతో స్టార్టర్ తిప్పండి. ఒక్కో రోటర్‌కు ఉండే రెండు ప్లగ్గులు, అంటే లీడింగ్, ట్రెయిలింగ్, వాటి వైర్లు తారుమారు కాకుండా చూసుకోండి.

పెట్రోలులో టూ-స్ట్రోక్ నూనె కలపండి, 100 లీటర్లకు ఒక లీటరు చొప్పున. మీటరింగ్ పంప్ పనిచేస్తున్నా సరే, ఈ దశలో సీళ్ళకు ఇది మేలు. మొదటిసారి స్టార్ట్ కాగానే దట్టంగా పొగ వస్తుంది. లోపల పూసిన జెల్లీ, నూనె కాలుతున్నాయి, టెన్షన్ పడక్కర్లేదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో తెల్లటి పొగ ఆగకపోతే మాత్రం కూలెంట్ కారుతోంది. గ్యారేజీ తలుపులు తెరిచే ఉంచండి.

నూనె ఒత్తిడి, ఉష్ణోగ్రత చూస్తూ మొదటి వేడి చల్లార్పు పూర్తి చేసి, లీకులు వెతకండి. మొదటి 500 కిలోమీటర్లకు నూనె, ఫిల్టర్ మార్చి, ఫిల్టర్‌ను కోసి లోపల లోహపు మెరుపు ఉందేమో చూడండి. 1500 కిలోమీటర్ల దాకా నిమిషానికి 4000 చుట్లు దాటనివ్వకండి. అలాగని ఒకే వేగం దగ్గర గంటల తరబడి నడపకండి, వేగం మారుస్తూ ఉండండి. టర్బో ఉంటే ఒత్తిడి అడగకండి. అప్పుడు మళ్ళీ కంప్రెషన్ చూసి, ఆరు ముఖాల అంకెలనూ విప్పకముందు తీసిన అంకెల పక్కనే రాసుకోండి. సీళ్ళు కుదురుకునే కొద్దీ అంకెలు పెరగాలి. ఆరూ దగ్గరదగ్గరగా ఉంటే రెడ్‌లైన్ దాకా వెళ్ళొచ్చు.